తలుపులు తెరచిన నగరములు

బొబ్బిలి కథ వినని తెలుగు విద్యార్థి అరుదు. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బుస్సీ ఫిరంగులును, విజయరామరాజు బలగమును కోటను చుట్టుముట్టగా, కోటలోనివారు తమ ఆడువారిని, పసివారిని తమ చేతులతోనే కడతేర్చి, పిదప కత్తి పట్టి నేలకొరిగినారు. బుర్రకథలో ఆ ఘట్టము వచ్చినంతనే, వంతల డక్కీల మోత నడుమ, వినువారి ఒడలు నేటికిని గగుర్పొడుచును. పాఠశాల వార్షికోత్సవములో తాండ్ర పాపారాయని వేషమునకు పిల్లలలో పోటీ యుండును. మంచిదే. ఆ పిల్లలనే దగ్గరకు పిలిచి, 1310లో ఓరుగల్లు ఏమి చేసినదని అడిగి చూడుడు. తెలిసినవాడు తల వంచుకొనును. తెలియనివాడు పుస్తకము తిరగవేయును. పుస్తకములో దానికి రెండు పంక్తులుండును: మాలిక్ కాఫర్ దండెత్తినాడు, ప్రతాపరుద్రుడు కప్పము కట్టి సంధి చేసికొన్నాడు. అంతే.

ఈ రెండు పంక్తుల మీదనే నా అభియోగము. యుద్ధములో చచ్చినవానిని వర్ణించుటకు మన సాహిత్యములో మాటలకు కొదవ లేదు. కోట తలుపు తెరచినవానికి ఒక్క విశేషణము లేదు. ఉన్నది ఒక్కటే, 'పిరికి'. వేలమంది ప్రాణములు తన యొక్క మాటమీద నిలిచియున్నప్పుడు రాజు ఏమి చేయవలెనను ప్రశ్న కత్తి పట్టుటకంటె తేలికైనది కాదు. ఆ ప్రశ్నను మనము పిల్లల ముందు పెట్టుటయే లేదు.

ఓరుగల్లు సంగతి కొంత వివరముగా చెప్పవలసియున్నది. 1309 అక్టోబరు చివర ఢిల్లీనుండి బయలుదేరిన మాలిక్ కాఫర్, త్రోవలో సర్బరను కోటను పట్టినాడు. నేటి సిర్పూరే ఆ కోటయని చరిత్రకారుల అభిప్రాయము. ఆ కోటవారు లొంగలేదు. అనేకులు ఆలుబిడ్డలతో అగ్నిప్రవేశము చేసినారు. బ్రతికి బయటపడినవారు ఓరుగల్లునకు పరుగెత్తినారు. అందుచేత 1310 జనవరిలో శత్రువు హనుమకొండ గుట్ట దగ్గర దిగునప్పటికే ఓరుగల్లు వీథులలో సర్బరు వార్త చేరియున్నదనవలెను. లొంగకపోయినచో ఏమగునో ఆ నగరమునకు ఊహింపవలసిన పని లేదు, విన్నది.

అయినను వెంటనే లొంగలేదు. ఈ ముక్క మన పాఠ్యపుస్తకములలో కానరాదు. ఓరుగల్లుకు రెండు ప్రాకారములు: వెలుపల మట్టికోట, లోపల నలుబదియైదు బురుజుల రాతికోట, ప్రతిదానికి కందకము. మట్టికోటయే కదాయని తేలికగా తీసికొనరాదు. ఉక్కు ఈటె సైతము దానిలో దిగలేదని ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో తన గ్రంథములో వ్రాసికొన్నాడు. శత్రుపక్షము కవి ఒప్పుకొన్న మాట గనుక నమ్మవచ్చును. దాదాపు నెల దినములు పోరు సాగినది. ఫిబ్రవరి నడుమ మట్టికోట శత్రువుల చేజిక్కినది. రాతికోట ఇంకను నిలిచియున్నది. అప్పుడు ప్రతాపరుద్రుడు రాయబారము పంపినాడు. కంఠమున బంగారు గొలుసు తగిలించిన తన స్వర్ణప్రతిమను విధేయతకు గుర్తుగా పంపినాడట. ధనాగారములో ఏమాత్రము దాచినను నగరములోనివారిని ఊచకోత కోయింతుమని కాఫర్ బెదిరించినాడు. నూరు ఏనుగులు, ఏడువేల గుఱ్ఱములు ఇచ్చినారని బరనీ లెక్క. వేయి ఒంటెలు సొమ్ము మోయలేక మూలిగినవని ఖుస్రో లెక్క. ఆస్థానచరిత్రకారుల లెక్కలను యథాతథముగా నమ్మనక్కరలేదు. గెలిచినవాని ఒంటెలు ఎప్పుడును ఎక్కువే మూలుగును. మార్చి 20న సైన్యము తరలిపోయినది. రాతికోట లోపలి జనులు బ్రతికినారు, స్వయంభూదేవుని ఆలయము నిలిచినది, చెరువులు తెగలేదు.

దీనిని పిరికితనమందుమా?

ప్రాచీనులు ఇంత తొందరపడలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో బలహీనుడైన రాజు కర్తవ్యమును గూర్చి ఒక అధికరణమే యున్నది. ప్రబలుడు పైబడినప్పుడు ప్రబ్బలి చెట్టువలె వంగవలెనని భరద్వాజుని మతము. సర్వశక్తులతో పోరవలెనని విశాలాక్షుని మతము. కౌటిల్యుడు రెంటిని త్రోసిపుచ్చినాడు. అందరికి వంగువాడు మందనుండి తప్పిపోయిన పొట్టేలు. అల్పబలముతో పోరువాడు తెప్ప లేక సముద్రములో దిగినవాడు. కావున ఎదుటివాడెట్టివాడో ముందు తెలిసికొనుమన్నాడు. దండెత్తివచ్చువారు మూడు తెగలు. ధర్మవిజయి తలవంచినంతనే తృప్తిపడును. లోభవిజయి భూమిని, ద్రవ్యమును కోరును, ఇచ్చి పంపవచ్చును. అసురవిజయి భూమి, ద్రవ్యము, ఆలుబిడ్డలు, చివరకు ప్రాణము, అన్నియు కోరును. లొంగుట తగునా తగదా యను ప్రశ్నకు సమాధానము లొంగువాని గుండెలో లేదు, వచ్చినవాని కోరికలో ఉన్నది.

ఈ కొలతతో చూడుడు. 1310లో వచ్చినవాడు లోభవిజయి. అలాఉద్దీనునకు ఓరుగల్లు నేల అక్కరలేదు, ఏనుగులు, బంగారము, ఏటేట కప్పము కావలెను. ప్రతాపరుద్రుడు దానిని గ్రహించినాడు. 1323లో వచ్చిన ఉలూఘ్ ఖానునకు నేల కావలెను. అతడే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినాడు. అంతకు రెండేండ్ల ముందు అతని మొదటి ముట్టడి విఫలమైనది. సైన్యములో సుల్తాను చనిపోయినాడను వదంతి పుట్టి, దండు చెదరి దేవగిరికి వెనుదిరిగినది. ఓరుగల్లు తాను గెలిచితిననుకొన్నది. రెండవసారి ఐదు నెలల ముట్టడి తరువాత నగరము పడిపోయినది, స్వయంభూ ఆలయము కూలినది, ఊరిపేరు సుల్తానుపురమైనది. రాజును ఢిల్లీకి నడిపించుచుండగా త్రోవలో మరణించినాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును, న్యాయమైనదే: "లొంగినందున ఏమి మిగిలినది? పదుమూడేండ్లకు అదే గతి పట్టినది కదా!" పదుమూడేండ్లు మన పుస్తకములో ఒక్క పంక్తి. ఆ ఊరిలో ఆ ఏడు పుట్టిన బిడ్డకు అది బాల్యమంతయు. చరిత్ర వ్రాయువారు శతాబ్దములను లెక్కించుకొందురు గాక; ఉపాధ్యాయుడు పదుమూడేండ్ల పిల్లల ఎదుట నిలుచువాడు, అతడు ఆ లెక్కను చులకన చేయరాదు.

ఇక సాహిత్యము ఈ లొంగుబాటును ఏమి చేసినదో చూడవలెను. అది మా వృత్తికి చేరిన సంగతి. ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రయశోభూషణము అలంకారశాస్త్రము. లక్షణమేదైనను ఉదాహరణము ప్రతాపరుద్రుని స్తుతియే. నాయకుని గుణములన్నియు అందున్నవి. నాయకుడు ధనాగారపు తాళము శత్రువు చేతికిచ్చి నగరమును దక్కించుకొనుట ఏ గుణము క్రిందికి వచ్చునో చెప్పుటకు మాత్రము శాస్త్రములో గడి లేదు. తరువాతి తరములవారు ఇంకొక త్రోవ త్రొక్కినారు. ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రములో చెరపడిన ప్రతాపరుద్రుడు ఢిల్లీలో చనిపోడు. సుల్తాను తల్లి ప్రతాపరుద్రునిలో శివుని, తన కుమారునిలో విష్ణువుని చూచును. అంతట సుల్తాను అతనిని గౌరవించి పంపివేయును! ఓటమిని ఓర్వలేని హృదయము అల్లుకొన్న కథ అది. నాకు దానిమీద కోపము లేదు. దానిని చదువునప్పుడు ఒక జాతి తన గాయమునకు కట్టుకొన్న గుడ్డను చూచినట్లుండును. కాని గుడ్డను చూచి గాయము లేదనుకొనరాదు.

ఇంకొక విచిత్రము. శరణాగతియను మాట భక్తిలో పరమపూజ్యము. విభీషణుడు శరణు జొచ్చిన ఘట్టము పురాణశ్రవణములో వచ్చినంతనే ముసలివారు చేతులు జోడింతురు. అదే మాట రాజ్యవ్యవహారములోనికి దిగినంతనే తిట్టుగా మారును. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములు తీసికొనుడు. శ్రీకృష్ణరాయబారము సంధికొఱకు జరిగినది. కాని మన విద్యార్థులు గొంతెత్తి చదువు పద్యములన్నియు యుద్ధము రానున్నదని బెదిరించునవే. సంధి మాట చెప్పు పద్యమునకు రాగము తీయువాడు లేడు.

దూరపు ఓరుగల్లు ఎందుకు, డోంగ్లి పిల్లలకు ఇంటి గుమ్మములోనే రెండు పాఠములున్నవి. 2022లో మండలకేంద్రమైన ఈ ఊరు మహారాష్ట్ర సరిహద్దున నున్నది. తెలుగు, మరాఠీ, కన్నడము మూడును చెవిని పడు ప్రాంతము. ఇట నుండి ఒక దిక్కున బోధను, వేఱొక దిక్కున కౌలాసు.

బోధను సామాన్యమైన ఊరు కాదు. షోడశ మహాజనపదములలో నొకటియైన అశ్మకమునకు రాజధానిగా ప్రాచీన గ్రంథములు చెప్పు పోదనము ఇదియేనని పలువురు పండితుల అభిప్రాయము. వేములవాడ చాళుక్యుల తొలి రాజధానియు ఇదియే. ఇంతటి పురాతన నగరము, ఉలూఘ్ ఖాను ఓరుగల్లుమీదికి పోవుచు దారిలో ముట్టడించినప్పుడు, మూడు నాలుగు దినములలో లొంగిపోయినది. కోట అధికారి తన వారితోకూడ మతము మార్చుకొన్నాడని ఇసామీ వ్రాసినాడు. అంతకుమించి చెప్పలేదు. ఊరిలో నేతగాడు, రైతు, గుడి దీపము వెలిగించువాడు ఆ మూడు రాత్రులు ఎట్లు గడిపినారో ఏ గ్రంథమునందును లేదు. ఇంద్రనారాయణస్వామి ఆలయముగా ప్రసిద్ధమై, తుగ్లకుల కాలమున మసీదుగా మారిన దేవళ్ మసీదు ఆ ఊర నేటికిని నిలిచియున్నది. ఒక్క కట్టడమునకు రెండు పేర్లు, రెండును కలిసిన ఒక్క పేరు. లొంగుబాటు శాంతియుతమైనను దాని గుర్తులు రాతిమీద ఎట్లు పడునో చూపుటకు ఇంతకంటె మంచి తరగతిగది వేఱొకటి లేదు.

కౌలాసు కథ వేఱు. 1336లో ఓరుగల్లును ఢిల్లీవారి చేతినుండి విడిపించిన ముసునూరి కాపయ నాయకుడు, దక్కను సర్దారులు ఢిల్లీమీద తిరుగబడినప్పుడు వారికి సాయపడినాడు. ఆ తిరుగుబాటులో గెలిచి సింహాసనమెక్కిన అలాఉద్దీన్ బహమన్ షా 1350 ప్రాంతమున కాపయమీదికే వచ్చినాడు. కాపయ కప్పము కట్టుటకు ఒప్పుకొని, కౌలాసు కోటను అప్పగించినాడు. అక్కడితో ఆగినదా? పిదప భువనగిరి, ఆ పిదప గోలకొండ. ఒక్కొక్క సంధికి ఒక్కొక్క కోట. కౌటిల్యుడు చెప్పిన మందతప్పిన పొట్టేలు ఇదే. చివరకు కాపయ మరణించినది బహమనీల చేతిలో కాదు. భీమవరము యుద్ధమున సాటి తెలుగువారైన రేచెర్ల నాయకుల చేతిలో. నేను లొంగుబాటును కొనియాడుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నానని ఎవరైనను తలచుచున్నచో, కౌలాసును చూపి కాదనుచున్నాను. ప్రతాపరుద్రుడు నగరమును దక్కించుకొనుటకు సొమ్ము వదలినాడు. కాపయ సింహాసనమును దక్కించుకొనుటకు సరిహద్దు వదలినాడు. రెండును సంధులే, రెండును ఒకటి కావు.

తలుపు ఎవరు తెరచినారను ప్రశ్న కూడ ఉన్నది. 1685లో మొగలు సైన్యము హైదరాబాదుమీదికి రాగా అబుల్ హసన్ తానీషా గోలకొండకు తరలిపోయినాడు. నగరమును కాచువాడు లేడు. నగరము పక్షమున మాటాడువాడును లేడు. సైన్యము ఊరిని దోచినది. యుద్ధము చేయకుండుటయే శాంతియైనచో ఆ దినము హైదరాబాదులో శాంతియే ఉండవలసినది! షరతు లేని లొంగుబాటు దోపిడికి పిలుపువంటిది. 1687లో గోలకొండ ఎనిమిది నెలలు నిలిచి, సెప్టెంబరులో లంచము తిన్న ఒక సర్దారు ద్వారము తీయగా పడిపోయినది. అది లొంగుబాటు కాదు, విక్రయము. ఒంటినిండ గాయములతో పోరాడిన అబ్దుల్ రజాక్ లారీని మనము తలచుకొనుట న్యాయమే.

ఇక మన తాతలు కన్నులార చూచిన లొంగుబాటు. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము హైదరాబాదు సంస్థానములో ప్రవేశించినది. 17న నిజాము రేడియోలో పోరు ఆపుచున్నామని ప్రకటించినాడు. 18న సంస్థాన సేనాపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయినాడు. నాలుగు నూర్ల యేండ్లు నిండని ఊరిని పురాతన నగరమనుట అతిశయోక్తియే గాని, ఆ వీథులలో ఫిరంగి పేలకుండుట, చార్మినారు చుట్టు అంగళ్లు కాలకుండుట చిన్న సంగతి కాదు. రజాకారుల దౌర్జన్యములకు నలిగిన పల్లెలకు అది విముక్తి. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ తరువాత మూడు వారములకే సైన్యము వచ్చినది. ఆ పల్లె దృష్టితో చూచినచో ఆ రాక ఆలస్యమే అయినది.

కాని "రక్తపాతము లేని విజయము" అను మాటను మాత్రము నేను తరగతిలో వాడను. నగరమునకు రక్తపాతము తప్పినది, జిల్లాలకు తప్పలేదు. ఆ యేటి చివరి నెలలలో పండిత సుందర్‌లాల్ అధ్యక్షతన ప్రభుత్వము పంపిన సంఘము పల్లెలు తిరిగి, సైన్యము ప్రవేశించిన తరువాత 27,000 మొదలు 40,000 వరకు ప్రాణములు పోయినవని అంచనా వేసినది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లిములు. ఎక్కువ నష్టపడినవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు. ఆ నివేదిక 2013 వరకు సామాన్యపాఠకుని చేతికి రాలేదు. డోంగ్లి పొలిమేర దాటిన నాందేడు జిల్లాయే. బీదరు దూరము కాదు. సేనాపతులు కరచాలనము చేసికొన్న మైదానములో శాంతి కుదిరినది. ఎవని చేతిలోను ఆయుధము, ఎవని మాటకును విలువ లేని ఊళ్లలో పాతపగలు తీరినవి. రజాకారు చేసినదానికి అతని మతములో పుట్టిన రైతు మూల్యము చెల్లించినాడు. బైరాన్‌పల్లిని చెప్పి దీనిని చెప్పనివాడును, దీనిని చెప్పి బైరాన్‌పల్లిని దాటవేయువాడును సగము చరిత్రయే చెప్పుచున్నారు.

లోకమంతట ఇదే చిక్కు. క్రీస్తుపూర్వము 539లో పారశీక చక్రవర్తి సైరసు సేనలు బాబిలోనులో పోరు లేకుండ ప్రవేశించినవని ప్రతీతి. ఆ నగరము అతనిని ఆనందముతో ఆహ్వానించినదని ఒక మట్టిస్తూపికమీద చెక్కబడియున్నది. కాని ఆ అక్షరములు చెక్కించినది గెలిచిన పక్షము. బాబిలోను కుమ్మరి ఒకడు ఆ దినము ఏమనుకొన్నాడో ఆ మట్టి చెప్పదు. 1940 జూన్ 14న పారిసు నగరము జర్మను సైన్యమునకు ఎదురాడక తలుపు తెరచినది. నగరములోని మేడలు నిలిచినవి. రెండేండ్లు తిరుగునప్పటికి ఆ నగరపు యూదులను వేలకొలదిగ మరణశిబిరములకు తరలించినారు. కౌటిల్యుడు ఆ సైన్యమును ఏ తెగలో చేర్చియుండునో చెప్పనక్కరలేదు.

ఉపాధ్యాయమిత్రులకు నాదొక విన్నపము. పరీక్షలో "ఓరుగల్లు కోట ఎప్పుడు పతనమైనది?" అని ఒక మార్కు ప్రశ్న ఇచ్చుట మానుడు. తరగతిని మూడు బృందములుగా కూర్చుండబెట్టుడు. 1310 ఫిబ్రవరి, మట్టికోట పోయినది, రాతికోట నిలిచినది. ఒక బృందము రాజు, ఒకటి సేనానాయకులు, మూడవది చెరువు క్రింది రైతులు. ఏటేట పోవు కప్పము ఎవరి గాదెనుండి పోవునో మూడవ బృందము అడిగి తీరును. అడుగనిచో మీరు అడిగింపుడు. లొంగవలెనా, వలదా? లొంగినచో ఏ షరతుమీద? ఆ షరతు తప్పినచో ఏమి చేయుదురు? ఒక గంట చాలదు. మరునాడు మరల మొదలుపెట్టుడు.

కౌలాసు వెళ్లగలిగినవారు పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లుడు. వానకాలము ముగిసిన తరువాత అయితే మేలు. కోటదారిలో గడ్డి తక్కువగా నుండును. ద్వారము దగ్గర నిలిచి, కాపయ ఈ తాళము ఇచ్చుటకు ముందు ఈ ఊరివారిని అడిగినాడా యని పిల్లలు అడుగుదురు. అడిగినట్లు ఏ శాసనములోను లేదని చెప్పుడు.